మై డైయింగ్ బ్రైడ్‌తో మా ఎదురుచూపులు

మెటల్, అంటే బరువైన గిటార్ల రాక్ సంగీతం, వినడం నేను మొదలుపెట్టింది వేగం కోసం. డ్రమ్మర్ కాళ్లు ఎంత ఫాస్ట్‌గా ఆడితే అంత గొప్ప బ్యాండ్, సోలోలో గిటారిస్టు వేళ్లు కంటికి ఆనకపోతే ఇంకా గొప్ప. మా గ్యాంగ్ మొత్తానికి కొలత అదొక్కటే. స్లో పాట వచ్చిందంటే ఎవడో ఒకడు చెయ్యి చాపి నెక్స్ట్ కొట్టేసేవాడు. అది వాడి డ్యూటీ అన్నట్టు మిగతావాళ్లం తల కూడా ఎత్తేవాళ్లం కాదు.

హాస్టల్లో ఒక సీనియర్ ఉండేవాడు. పెద్దగా మాట్లాడడు, ఎవరి జోలికీ పోడు, ఎప్పుడు చూసినా నల్ల టీషర్టే. ఆయన దగ్గర సీడీలు బోలెడు, అన్నీ కాపీ కొట్టినవే, మార్కర్‌తో ఆయనే పేర్లు రాసుకున్నవి. ఓ రాత్రి ఏదో నోట్స్ అడగడానికి ఆయన రూమ్‌కి వెళ్తే స్పీకర్లలో ఒక గిటార్ ముక్క తిరుగుతోంది. చాలా చిన్న ముక్క, అందులో గట్టిగా అరడజను స్వరాలు ఉంటాయేమో. డిస్టార్షన్ లేదు, శుభ్రమైన గిటార్. అదే ముక్క మళ్లీ, మళ్లీ, మళ్లీ. కిందనుంచి డ్రమ్స్ వచ్చాయి, బరువైన గిటార్లు వచ్చాయి, ఎక్కడో వెనక వయొలిన్, ఆ తర్వాత ఒక గొంతు, అరవడం కాదు, గొంతులో ఏదో అడ్డుపడ్డ మనిషి ఉన్న ఊపిరితోనే చెప్పాలనుకున్నది చెబుతున్నట్టుంది. అన్నీ వస్తున్నాయి, పోతున్నాయి, ఆ గిటార్ ముక్క మాత్రం ఉన్నచోటే ఉంది.

ఏడో నిమిషం దగ్గర అనుకుంటా, పాట ఆగిపోయింది. అంటే బ్యాండ్ ఆగింది, ఆ ముక్క ఆగలేదు. దాని వెనక ఒక మోత మొదలైంది, పొగమంచులో ఓడలు దారి చెప్పుకోవడానికి వేసే హారన్ లాంటిది, దూరంగా, లోతుగా, చాలా ఆగి ఆగి. ఇంకేం జరగట్లేదు. గాయకుడు లేడు, డ్రమ్స్ లేవు. నాకు అలవాటు ప్రకారం చెయ్యి బటన్ మీదకి పోయింది.

"అయిపోయింది కదన్నా" అన్నాను.

"అయిపోతే ఆగేది కదరా. కూర్చో."

కూర్చున్నాను. ఇంకో నాలుగైదు నిమిషాలు అదే హారను, అదే గిటారు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు, నేను గోడ చూస్తున్నాను, నోట్స్ సంగతి ఇద్దరికీ గుర్తులేదు. పాట నిజంగా ముగిశాక రూమ్‌లో ఫ్యాన్ చప్పుడు వినపడింది, అంతకుముందు కూడా తిరుగుతూనే ఉండి ఉంటుంది కదా, అప్పుడే వినపడింది. ఆ సీడీ ఇవ్వమని అడిగితే ఇచ్చాడు, గీతలు పడితే చంపేస్తానని చెప్పి మరీ ఇచ్చాడు.

పాట పేరు 'ద క్రై ఆఫ్ మ్యాన్‌కైండ్', బ్యాండ్ పేరు మై డైయింగ్ బ్రైడ్. 1995లో వచ్చిన 'ది ఏంజెల్ అండ్ ద డార్క్ రివర్' ఆల్బమ్‌లో మొట్టమొదటి పాట అది. మామూలుగా ఆల్బమ్‌లో మొదటి పాటంటే అందరూ చిన్నగా, చురుగ్గా, వినేవాణ్ని పట్టేసేది పెడతారు. వీళ్లు పన్నెండు నిమిషాలది పెట్టారు, అందులోనూ దాదాపు చివరి ఐదు నిమిషాలు ఏమీ జరగనిది పెట్టారు. ఇంత ధైర్యం ఎవరికుందిరా బాబూ అని వెతుక్కుంటూ వెళ్తే కథ ఇంగ్లండ్‌లోని వెస్ట్ యార్క్‌షైర్‌లో తేలింది.

మై డైయింగ్ బ్రైడ్ అక్కడ 1990లో పుట్టింది. ఆరన్ స్టెయిన్‌థోర్ప్ గాయకుడు, ఆండ్రూ క్రెయిగన్, క్యాల్విన్ రాబర్ట్‌షా గిటార్లు, రిక్ మియా డ్రమ్స్. కొన్నాళ్లకు బాస్‌కి ఏడ్రియన్ జాక్సన్ వచ్చాడు. 'టువర్డ్స్ ద సినిస్టర్' అని ఒక డెమో చేశారు, ఆ తర్వాత అదే ప్రాంతంలో డ్యూస్‌బరీ నుంచి నడిచే పీస్‌విల్ రికార్డ్స్ అనే లేబుల్ వాళ్లను తీసుకుంది. పక్కనే హాలిఫాక్స్‌లో ప్యారడైజ్ లాస్ట్, కాస్త అవతల లివర్‌పూల్‌లో అనాథెమా, వాళ్లూ పీస్‌విల్ వాళ్లే, అందుకే ఈ ముగ్గురినీ కలిపి పీస్‌విల్ త్రీ అంటారు. మాలాంటి వాళ్లకి ఆ మూడు పేర్లు ఒకే శ్వాసలో వస్తాయి. ముగ్గురిలో ఎవరు గొప్ప అనేదాని మీద ఫ్రెండ్‌షిప్‌లు పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి, నేను అతిశయోక్తి చేయట్లేదు.

ఈ నెమ్మదైన, బరువైన మెటల్‌ని డూమ్ అంటారు. దానంతటికీ తాతలు బ్లాక్ సబ్బాత్, ఆ విషయంలో గొడవ లేదు. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది. రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న టోనీ ఐయోమీ ఆ వేళ్లకి ప్లాస్టిక్ తొడుగులు తనే తయారు చేసుకుని వాయించాడు, తర్వాత్తర్వాత తీగలు వదులు చేసి ట్యూనింగ్ కిందకి దించాడు, ఆ బరువు అక్కడిది. ఎనభైల్లో సెయింట్ వైటస్, ట్రబుల్, క్యాండిల్‌మాస్ ఆ నడకని పట్టుకుని ముందుకు తెచ్చారు. యార్క్‌షైర్ కుర్రాళ్లు చేసిందేమిటంటే ఆ నెమ్మదిలోకి డెత్ మెటల్ గ్రోలింగ్, అంటే గొంతు లోతుల్లోంచి గుర్రుమంటూ పాడటం, తెచ్చి కలిపారు, అది చాలదన్నట్టు మై డైయింగ్ బ్రైడ్ వయొలిన్ కూడా తెచ్చింది. మార్టిన్ పవెల్ అనే అబ్బాయి మొదట అతిథిగా వచ్చి వాయించి, తర్వాత బ్యాండ్‌లో మనిషే అయిపోయాడు.

ఆ వయొలిన్ గురించి కాస్త చెప్పాలి. మెటల్ పాటల్లో వయొలిన్ అంటే ఎక్కువగా అలంకారం, మధ్యలో వచ్చి కాసేపు అందంగా ఏడ్చి వెళ్లిపోతుంది. ఇక్కడ అలా కాదు. 1993లో వచ్చిన 'టర్న్ లూజ్ ద స్వాన్స్' ఆల్బమ్ పెట్టండి. మొదటి పాటలో డ్రమ్స్ లేవు, బరువైన గిటార్లు లేవు. కీబోర్డు, వయొలిన్, ఆరన్ గొంతు, అంతే. డెత్ మెటల్ వాళ్లు ఎవరెక్కువ స్పీడని పోటీలు పడుతున్న కాలంలో, ఒక మెటల్ ఆల్బమ్ డ్రమ్స్ లేకుండా మొదలై, చివరి పాట కూడా అలాగే డ్రమ్స్ లేకుండా ముగుస్తుంది. మధ్యలో మాత్రం కొండ రాళ్లు దొర్లుతాయి. ఆరన్ ఒక లైను మామూలు గొంతుతో పాడి, తర్వాతి లైను పాతాళం లోంచి గ్రోల్ చేస్తాడు, రెండూ ఒకే మనిషివని నమ్మడానికి మా రూమ్మేట్‌కి చాలా టైమ్ పట్టింది. ఇద్దరున్నారని పందెం కూడా కాశాడు. పందెం డబ్బులు ఇంతవరకు ఇవ్వలేదు.

కాపీ సీడీలకు లిరిక్స్ పుస్తకం ఉండదు కదా, అందుకని మేమే రాసుకునేవాళ్లం. ముగ్గురం ఒక స్పీకర్ చుట్టూ చేరి, రెండు లైన్లు విని పాజ్ కొట్టి, ఎవడికి వినపడింది వాడు రాసి, తర్వాత పోల్చుకునేవాళ్లం. మామూలు గొంతుతో పాడిన చోట పర్వాలేదు, గ్రోలింగ్ వచ్చిన చోట ఒకడు నది అని రాస్తే ఇంకొకడు నిద్ర అని రాసేవాడు, మూడోవాడు ఖాళీ వదిలేసి తర్వాత నింపుతానని చెప్పి ఎప్పటికీ నింపేవాడు కాదు. సీనియర్ మా పేపర్లు చూసి నవ్వి, సరిచేయకుండా ఇచ్చేసేవాడు. ఎన్నో ఏళ్లకి అసలు బుక్‌లెట్ చేతికొచ్చినప్పుడు చదువుతూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే కొన్ని చోట్ల మా వాడు రాసిందే నాకు ఎక్కువ నచ్చింది, ఇప్పటికీ మనసులో ఆ మాటలతోనే పాడుకుంటాను.

ఇంకో విచిత్రం, 'సియర్ మీ' అనే పాట. 1992లో వచ్చిన మొదటి ఆల్బమ్ 'యాజ్ ద ఫ్లవర్ విదర్స్'లో లాటిన్ సాహిత్యంతో, పూర్తి బరువుతో ఉంటుంది. 1993లో అదే పేరుతో, ఇందాక చెప్పిన ఆ డ్రమ్స్ లేని రూపంలో వచ్చింది. ఆరేళ్లు ఊరుకుని 1999లో మూడోసారి. ఎందుకు అని బ్యాండ్ వివరించిందో లేదో పట్టించుకోలేదు, మాకు మాత్రం అది ఊరు వదిలి వెళ్లిన చుట్టం మళ్లీ ముఖం చూపించినట్టుండేది. నాలుగోది వస్తుందని మా వాడొకడు ఇప్పటికీ ఆశ పెట్టుకుని ఉన్నాడు, ప్రతి కొత్త ఆల్బమ్‌కీ ముందు పాటల పేర్లు చూసి నిట్టూరుస్తాడు.

ఈ ఎదురుచూడటమే ఈ బ్యాండ్ అభిమానుల అసలు పని అని నాకు చాలా కాలంగా ఒక అభిప్రాయం. పాటలోనే వెయిట్ చేయిస్తారు, రిఫ్ (పదేపదే తిరిగే గిటార్ ముక్క) మారడానికి వెయిట్, గొంతు రావడానికి వెయిట్, ఆ హారన్లు ఆగడానికి వెయిట్. పాట బయట కూడా అంతే. 1995 ఆల్బమ్‌లో ఆరన్ గ్రోలింగ్ పూర్తిగా మానేశాడు. అంతా మామూలు గొంతే. పాత అభిమానుల్లో సగం మంది మొహం మాడ్చుకున్నారు, మిగతా సగం మంది ఇదే గొప్ప ఆల్బమ్ అన్నారు (నేను రెండో గుంపు). ఆ ఏడాదే ఐరన్ మెయిడెన్ వీళ్లను తమ టూర్‌లో ముందు వాయించడానికి తీసుకెళ్లింది. ఒక్కసారి ఊహించండి, గుర్రాల దౌడు లాంటి పాటల కోసం టికెట్ కొనుక్కుని వచ్చిన జనం ముందు వీళ్లు నెమ్మదిగా, తల వంచుకుని, ఒక్కో పాట పది నిమిషాలు. ఆ హాల్లో నేనుంటే ఏ వైపు ఉండేవాణ్నో అని చాలాసార్లు అనుకున్నాను.

1996లో 'లైక్ గాడ్స్ ఆఫ్ ద సన్' వచ్చింది. మంచి ఆల్బమే, పాటలు కాస్త పొట్టివి. చివరి పాటలో షేక్‌స్పియర్ రాసిన 'వీనస్ అండ్ అడోనిస్' లోంచి పంక్తులు వాడుకున్నారు, గిటార్లు లేకుండా వయొలిన్ మీద మాటలు చెబుతున్నట్టుగా. ఆ తర్వాత రిక్ మియా అనారోగ్యం వల్ల బ్యాండ్ వదిలాడు, మార్టిన్ పవెల్ కూడా వెళ్లిపోయాడు. వయొలిన్ పోయింది. మాకు అప్పుడు తెలియలేదు గానీ, అది మళ్లీ రావడానికి 2009 దాకా పడుతుంది.

ఇక 1998. '34.788%... కంప్లీట్'. పేరు చదివితేనే తెలుస్తుంది ఏదో తేడా అని. వయొలిన్ లేదు, గ్రోలింగ్ లేదు, ఎలక్ట్రానిక్ చప్పుళ్లు, ఒక పాటైతే నేరుగా ట్రిప్ హాప్, అంటే మెల్లని ఎలక్ట్రానిక్ బీట్ల సంగీతం. మా సీనియర్ దాన్ని ఒక్కసారి విని సీడీని అలమర పైన పెట్టేశాడు, కింద వరసలో మిగతా వాటి పక్కన పెట్టడానికి కూడా మనసొప్పలేదు ఆయనకి. నాకేమో నచ్చింది. అన్నీ కాదు, మొదటి పాట, చివరి పాట, మధ్యలో కొన్ని చోట్ల ఆ చల్లదనం. ఆ మాట ఆయన ముందు అంటే రెండు రోజులు మాట్లాడలేదు. మెటల్ అభిమానుల మీద బయటివాళ్లకి ఒక దురభిప్రాయం ఉంటుంది, వీళ్లకి హింస అంటే ఇష్టమని. అది కాదు. వీళ్లకి పాత ఆల్బమ్ అంటే ఇష్టం. అంతే. కొత్త ఆల్బమ్ ఏది వచ్చినా దాని నేరం అది పాతది కాకపోవడమే.

మరుసటి ఏడాది, 1999లో, 'ది లైట్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ద వరల్డ్'. మొదటి పాట 'షీ ఈజ్ ద డార్క్'లోనే గ్రోలింగ్ తిరిగొచ్చింది. సీనియర్ మొహం చూడాలి ఆ పూట. ఏదో గెలిచినట్టు. బ్యాండ్ అభిమానుల మాట విని వెనక్కి వచ్చిందా, వాళ్లకే అనిపించి వచ్చారా అని చాలా చర్చ జరిగింది మాలో. నాకనిపించేది, అంతకుముందు ఏడాది అంత దూరం వెళ్లి రాకపోతే ఆ గ్రోల్ అంత బలంగా తగిలేది కాదు. 2001లో వచ్చిన 'ద డ్రెడ్‌ఫుల్ అవర్స్' టైటిల్ పాట వాన చప్పుడు మధ్య ఎంతో మెల్లగా మొదలవుతుంది, ఇంట్లో హింసకి గురయ్యే పసివాడి గురించి. పాట సగంలో అంతా విరుచుకు పడుతుంది. అది రాత్రిళ్లు ఒంటరిగా వినకండి అని నేను ఎవరికీ చెప్పను, ఎందుకంటే నేను అలాగే విన్నాను.

మా హాస్టల్ అయిపోయింది, ఎవరి దారి వాళ్లది. ఉద్యోగంలో మొదటి రోజుల్లో నాకు నైట్ షిఫ్టులు. పగలు నిద్ర పట్టేది కాదు, రాత్రి మెలకువ ఉండేది కాదు, ఇంట్లో వాళ్లతో మాట్లాడే టైమ్ కుదిరేది కాదు, కుదిరినా చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. దాన్ని పెద్ద కష్టమని ఎవరూ అనరు, నేనూ అనలేదు, కానీ లోపల ఏదో అడుగంటిపోతూ ఉండేది. ఆ దశలో ఉత్సాహపరిచే పాటలు వింటే చిరాకొచ్చేది, లే, పరుగెత్తు, సాధించు అని ఎవడో వీపు మీద కొడుతున్నట్టు. ఈ బ్యాండ్ అలా ఏమీ చెప్పదు. 'టూ వింటర్స్ ఓన్లీ' పాట తొమ్మిది నిమిషాలు ఉంటుంది, మెల్లని గిటార్‌తో మొదలై చాలాసేపు అలాగే నడుస్తుంది, నిన్ను బాగుచేస్తానని ఎక్కడా మాటివ్వదు. తెల్లవారుజామున తిరిగి వస్తూ హెడ్‌ఫోన్స్‌లో అది వింటుంటే భుజాలు కిందకి దిగేవి. మందు అనను, ఏడుపూ అనను. పక్కన ఒకడు ఏమీ అడగకుండా నడుస్తున్నట్టు ఉండేది, ఆ టైమ్‌కి అది చాలు.

చాలామందికి ఈ మాట అర్థం కాదు. ఎందుకయ్యా ఆ ఏడుపు పాటలు, ఉన్న టెన్షన్‌లు చాలవా అంటారు. వాళ్లతో వాదించడం మానేశాను. అర్థమైన వాళ్లకి మాత్రం చెప్పనక్కర్లేదు. ఒకసారి రైల్వే ప్లాట్‌ఫామ్ మీద నా టీషర్టు చూసి ఒక పెద్దాయన ఆగాడు, తల నెరిసిపోయింది, చేతిలో సూట్‌కేసు. "ఏ ఆల్బమ్?" అని అడిగాడు. "ఏంజెల్" అన్నాను. "స్వాన్స్" అన్నాడు, తన గుండె మీద వేలుతో కొట్టుకుని. అంతే, రైలు వచ్చింది, ఎక్కేశాడు. ఆయన పేరేంటో, ఏం చేస్తాడో తెలియదు. ఇద్దరం కలిపి గట్టిగా నాలుగు మాటలు మాట్లాడుకుని ఉంటాం, నా బంధువుల్లో కొంతమందితో ఇన్నేళ్లలో అంత అర్థమయ్యే సంభాషణ జరగలేదు.

వీళ్లని స్టేజి మీద నేను చూడలేదు. వీడియోలే. క్రాకోలో 1996లో చేసిన ప్రదర్శన ఒకటి వీడియోగా బయటికొచ్చింది, పోలండ్‌లో వీళ్లకి ఎంత పిచ్చి అభిమానులున్నారో అది చూస్తే తెలుస్తుంది. ఆరన్ తీరు మామూలు మెటల్ గాయకుడి తీరు కాదు. ముందుకొచ్చి జనాన్ని చేతులెత్తమని అడగడు, పాటకీ పాటకీ మధ్య జోకులు వేయడు. మైక్ స్టాండు పట్టుకుని వంగిపోతాడు, మోకాళ్ల మీద కూలబడతాడు, మొహం చేతుల్లో దాచుకుంటాడు. కొత్తగా చూసేవాళ్లకి నాటకంలా అనిపిస్తుంది, మా చెల్లి చూసి "ఆయనకి ఒంట్లో బాలేదా?" అని అడిగింది. కెమెరా జనం మీదకి తిరిగినప్పుడు నేను పాజ్ చేసి చూసేవాణ్ని. ముందు వరసలో కొందరు కళ్లు మూసుకుని పెదాలు కదుపుతుంటారు, తోసుకోవడాలు లేవు, తలలు మాత్రం నెమ్మదిగా ఊగుతాయి. స్పీడు మెటల్ షోలో జనం ఒకరి మీద ఒకరు పడతారు. ఇక్కడ ప్రతి మనిషీ తన లోపల తనుంటాడు, అలాగని ఒంటరిగానూ లేడు. 2001లో నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్ 'ద వాయిస్ ఆఫ్ ద రెచెడ్' కూడా ఉంది, దృశ్యం లేకుండా అది వింటే ఇంకా నయం అనిపిస్తుంది నాకు, పాట మొదటి స్వరం గుర్తుపట్టగానే హాల్లో లేచే ఆ అరుపు కోసమే కొన్నిసార్లు పెట్టుకుంటాను.

2009లో 'ఫర్ లైస్ ఐ సైర్' వచ్చింది. కేటీ స్టోన్ అనే ఆమె చేతుల మీదుగా వయొలిన్ తిరిగొచ్చింది. ఆల్బమ్ అంత గొప్పదా అంటే, కాదు, మధ్యలో కొన్ని పాటలు నాకు ఇప్పటికీ గుర్తుండవు. కానీ ఆ తీగ మీద బో పడిన క్షణం సీనియర్ నుంచి మెసేజ్ వచ్చింది. అప్పటికి మా మధ్య మాటలు తగ్గి చాలా కాలమైంది, పండక్కి శుభాకాంక్షలు కూడా లేవు. మెసేజ్‌లో ఒకటే మాట, "వచ్చింది." నేనూ ఒకటే మాట పంపాను, "విన్నా." ఇంకేం రాసుకోలేదు ఆ రోజు. తర్వాత మెల్లగా మళ్లీ మాటలు మొదలయ్యాయి.

2015లో 'ఫీల్ ద మిజరీ', అప్పటికి క్యాల్విన్ రాబర్ట్‌షా చాలా ఏళ్ల తర్వాత బ్యాండ్‌లోకి తిరిగొచ్చాడు. అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం, పాతవాళ్లంతా ఒక చోటికి చేరుతున్నారని. 2017లో ఆరన్ కూతురికి క్యాన్సర్ అని తేలింది. బ్యాండ్ పనులన్నీ ఆగిపోయాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇన్నేళ్లుగా ఈ మనిషి చావు గురించి, పోగొట్టుకోవడం గురించి పాడుతుంటే మేం టీషర్టులు వేసుకుని తిరిగాం, లైన్లు చేతి మీద పచ్చబొట్లు పొడిపించుకున్నవాళ్లున్నారు. ఇప్పుడు ఆ దుఃఖం నిజంగా ఆయన గుమ్మంలో నిలబడింది, ఐదేళ్ల పిల్ల రూపంలో. అప్పుడు ఎవరూ కొత్త ఆల్బమ్ ఎప్పుడని అడగలేదు. నాకు తెలిసిన అభిమానులందరూ, దేనికీ ఏకాభిప్రాయానికి రానివాళ్లు, ఆ ఒక్క విషయంలో నోరు మూసుకున్నారు. బాధ్యత లేని కుర్రాళ్లు కూడా పాప ఎలా ఉందో అని వెతికి చూసేవాళ్లు. 2018లో పాప బయటపడింది. ఆ వార్త చదివినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను, లేచి వెళ్లి మొహం కడుక్కొచ్చాను.

ఈలోపు క్యాల్విన్ మళ్లీ వెళ్లిపోయాడు, డ్రమ్మర్ మారాడు. గిటార్లన్నీ ఆండ్రూ క్రెయిగన్ ఒక్కడి మీద పడ్డాయి. లేబుల్ కూడా మారింది, అన్నేళ్ల పీస్‌విల్ వదిలి న్యూక్లియర్ బ్లాస్ట్‌కి వచ్చారు. 2020 మార్చిలో 'ద గోస్ట్ ఆఫ్ ఒరాయన్' విడుదలైంది. రెండు ఆల్బమ్‌ల మధ్య అంత ఎడం అంతకుముందెప్పుడూ లేదు. అందులో 'టైర్డ్ ఆఫ్ టియర్స్' అని ఒక పాట ఉంది, కూతురి గురించే. నేను దాన్ని బాగుందని గానీ బాలేదని గానీ అనను. దగ్గరివాళ్ల ఇంట్లో జరిగిన విషయం మీద మార్కులు వేయబుద్ధి కాదు. జో క్వైల్ చెల్లో మాత్రం అద్భుతం, అది చెప్పొచ్చు. విడుదలైన కొద్ది రోజులకే ప్రపంచమంతా తలుపులు వేసేసుకుంది, షోలు లేవు, ఎవరింట్లో వాళ్లం కూర్చుని విన్నాం. డూమ్ ఆల్బమ్‌కి అంతకంటే సరైన శ్రోతలు దొరకరేమో, నవ్వొస్తోంది గానీ నిజం.

2024 ఏప్రిల్‌లో 'ఎ మోర్టల్ బైండింగ్' వచ్చింది. గట్టి ఆల్బమ్, గ్రోలింగ్ బోలెడు, వయొలిన్ బోలెడు, అడిగినవన్నీ ఇచ్చారు. దాని వెనకే షోలు రద్దయ్యాయి. 2025లో బ్యాండ్ మళ్లీ స్టేజి ఎక్కింది గానీ మైక్ ముందు ఆరన్ లేడు, ఫిన్లాండ్ బ్యాండ్ స్వాలో ద సన్ గాయకుడు మిక్కో కోటమాకి నిలబడ్డాడు. లోపల ఏం జరిగిందనే దాని మీద ఎవరికి తోచింది వాళ్లు అల్లుతున్నారు, నేను ఆ జోలికి పోను. మిక్కో మంచి గాయకుడు, స్వాలో ద సన్ నాకు ఇష్టం, గ్రోల్ కూడా లోతుగా ఉంటుంది. వీడియో చూశాను. బాగా పాడాడు. కానీ కూలబడలేదు. నిటారుగా నిలబడి ప్రతి స్వరం సరిగ్గా పాడాడు, నాకు కావాల్సింది అది కాదని అప్పుడు తెలిసింది. ఆరన్ సగం స్వరాలు జారవిడిచేవాడు, ఆ జారడమే ఆ పాటల ఒళ్లు.

సీనియర్‌కి ఆ వీడియో పంపిస్తే ఆయన చాలాసేపటికి ఫోన్ చేశాడు. ఎవరు పాడినా ఆండ్రూ రిఫ్‌లు ఉన్నంతకాలం అది మై డైయింగ్ బ్రైడే అని ఆయన వాదన. గొంతు లేకపోతే అది ఇంకో బ్యాండని నాది. గంటసేపు తెగలేదు. చివరికి, "పోనీ నాలుగో 'సియర్ మీ' ఎవరు పాడాలంటావు?" అని అడిగాను. "ఆరన్" అన్నాడు సీనియర్ వెంటనే, ఆలోచించకుండా. దొరికిపోయానని అర్థమై కాసేపు ఆగి, "నువ్వు 34.788 బాగుందన్నవాడివి, నీతో ఏంటి మాటలు" అని పెట్టేశాడు. మర్నాడు ఆ ఆల్బమ్ అట్ట ఫొటో పంపాడు, ఇంకా అలమర పైనే ఉందట.